ఆరిన ఎల్‌ఈడీ ఏం చెబుతుంది?

ఈ అధ్యాయానికి కావలసిన సామాను చిన్న టిఫిన్ డబ్బాలో పట్టేస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ, దాని నెత్తిన తగిలించే క్లిప్పు, నాలుగైదు ఎర్ర ఎల్‌ఈడీలు, 470 ఓమ్‌లు, 10 వేల ఓమ్‌లు, లక్ష ఓమ్‌ల రెసిస్టర్లు రెండేసి, బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు, కొన్ని వైరు ముక్కలు, ఒక మల్టీమీటర్. మీటరు తప్ప మిగతావన్నీ చిల్లర ఖర్చుతో వచ్చేవే. టీవీలు, సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో మర్యాదగా అడిగితే పాత బోర్డుల మీంచి పీకిన రెసిస్టర్లు ఊరికే కూడా ఇస్తారు. బ్రెడ్‌బోర్డు ఉంటే మంచిది. లేకపోతే వైర్ల కొసలు గీకి, మెలేసి, టేపు చుట్టండి.

ఒక్క మాట ముందే చెప్పుకోవాలి. ఇక్కడి ప్రయోగాలన్నీ బ్యాటరీతో చేసేవే. గోడకున్న ప్లగ్గు జోలికి, పొలంలో స్టార్టరు డబ్బా జోలికి, రైలు పట్టాల జోలికి వెళ్లకూడదు. ఈ మూడింటి గురించీ మాట్లాడుకుంటాం, కానీ చేతులు పెట్టేది మాత్రం మన డబ్బాలోని వస్తువుల మీదే.

2016 తర్వాత కొన్ని బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. అవి ఉన్నచోట ఈ సామానంతా బడిలోనే ఉంటుంది. లేని బడి పిల్లలు వెనకబడిపోతారని మాత్రం నేననుకోను. విద్యుత్తుకు సంబంధించి మనం మొట్టమొదట నేర్చుకునే సూత్రం కనిపెట్టిన జార్జ్ ఓమ్ కూడా జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులే. తండ్రి తాళాలు చేసేవాడు. ప్రయోగానికి కావలసిన తీగలను ఓమ్ స్వయంగా తయారుచేసుకున్నాడు. ఆనాటి బ్యాటరీల వోల్టేజి నిలకడగా ఉండేది కాదు, వాడుతుండగానే పడిపోయేది. దాంతో ఆయన బిస్మత్, రాగి కలిపి అతికించి, ఒక అతుకును మరిగే నీటిలో, ఇంకో అతుకును మంచులో ఉంచి, ఆ వేడిమి తేడా నుంచి పుట్టే చిన్న వోల్టేజిని ఆధారం చేసుకున్నాడు. ఆ కొలతల సారం 1827లో పుస్తకంగా వచ్చింది. రెండు వందల ఏళ్ల తర్వాత మన చేతిలో నిలకడైన బ్యాటరీ, అంకెల్లో జవాబు చెప్పే మీటరు ఉన్నాయి. ఓమ్ కంటే మనమే కలిగినవాళ్లం.

పసుపు, ఊదా, గోధుమరంగు పట్టీలున్న రెసిస్టరు తీసుకోండి. అది 470 ఓమ్‌లది. బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టరుకు, దాని రెండో కొస నుంచి ఎల్‌ఈడీ పొడుగు కాలుకు, పొట్టి కాలు నుంచి బ్యాటరీ మైనస్‌కు వైర్లు కలపండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది. వెలిగితే సంతోషమే. వెలగకపోతే నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ ఉంది. ఎల్‌ఈడీని తిరగేసి పెట్టి ఉండొచ్చు. అది కరెంటును ఒకవైపే పోనిస్తుంది. (తిరగేసి ఎక్కువసేపు ఉంచకండి. వెనక దిక్కు నుంచి వచ్చే వోల్టేజిని 5 వోల్టులకు మించి తట్టుకునేలా దాన్ని తయారుచేయరు.) ఏదో ఒక మెలిక వదులై ఉండొచ్చు. బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు. లేదా పదివేల ఓమ్‌ల రెసిస్టరు పొరపాటున చేతికొచ్చి, ఎండ వెలుతురులో ఆ మసక కాంతి కంటికి ఆనకపోయి ఉండొచ్చు.

వీటిలో ఏదో ఊహించి చెప్పకండి, కొలవండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, వెలుగుతున్న సర్క్యూట్‌లో ఒక్కొక్క వస్తువుకు అటూ ఇటూ మీటరు కొసలు ఆనించండి. బ్యాటరీ దగ్గర 9, రెసిస్టరు దగ్గర ఇంచుమించు 7, ఎల్‌ఈడీ దగ్గర 2. ఏడు, రెండు కలిపితే తొమ్మిది. బ్యాటరీ ఇచ్చిన వోల్టేజి అంతా దారిలో ఎక్కడో ఒకచోట లెక్కకు రావలసిందే. ఇప్పుడు ఒక మెలిక కావాలని వదులు చేసి మళ్లీ కొలవండి. రెసిస్టరు దగ్గర సున్నా. ఆ తెగినచోట మాత్రం బ్యాటరీ వోల్టేజిలో పెద్ద భాగం కనిపిస్తుంది. కరెంటు పారకపోయినా వోల్టేజి ఎక్కడికీ పోలేదు, ఆ సందులోనే ఆగి నిలబడింది. వైండింగ్ మెకానిక్కులు, టీవీ మెకానిక్కులు రోజంతా చేసే పనిలో సగం ఇదే: ఆరిన సర్క్యూట్‌లో వోల్టేజి ఎక్కడ ఆగిపోయిందో వెతకడం.

ఇక ఓమ్ సూత్రం. రెసిస్టరు దగ్గర 7 వోల్టులున్నాయి, అది 470 ఓమ్‌లది. ఏడును 470తో భాగిస్తే 0.015 యాంపియరు, అంటే 15 మిల్లీ యాంపియర్లు. ఇప్పుడు 470 తీసేసి పదివేల ఓమ్‌లది పెట్టండి. కరెంటు 0.7 మిల్లీ యాంపియరుకు పడిపోతుంది, ఇరవయ్యో వంతు కంటే తక్కువ. ఎల్‌ఈడీ మాత్రం ఆరిపోలేదు. నీడలో పెట్టి చూడండి, ఇంకా స్పష్టంగా వెలుగుతూనే ఉంటుంది. మన కన్ను వెలుతురును కరెంటు లెక్కన కొలవదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

ఎల్‌ఈడీని అసలు బ్యాటరీ లేకుండానే ఒకసారి ఎండలోకి తీసుకెళ్లండి. మనకు ఎండ కరువేమీ లేదు. పారదర్శకంగా ఉండే ఎర్ర ఎల్‌ఈడీ రెండు కాళ్లకు మీటరు తగిలించి, దాని బుడిపెను సూర్యుడి వైపు తిప్పితే ఒక వోల్టు పైచిలుకు చూపిస్తుంది. అరచేయి అడ్డం పెడితే పడిపోతుంది. కరెంటు ఇస్తే వెలుతురు ఇచ్చే ఎల్‌ఈడీయే, వెలుతురు ఇస్తే వోల్టేజి ఇస్తోంది. మన రాయలసీమలోనే, డోన్‌కు ఈశాన్యంగా గని, శకునాల ఊళ్ల దగ్గర వేలాది ఎకరాల్లో పరిచిన 1000 మెగావాట్ల సోలార్ పార్కులో ప్రతి పలకలోనూ జరిగేది ఇదే. మన ఎల్‌ఈడీ ఇచ్చే కరెంటు మైక్రో యాంపియర్లలో ఉంటుంది కాబట్టి దానితో ఇంకో ఎల్‌ఈడీ వెలిగించలేం. అయినా సూత్రం ఒకటే.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. రాయలసీమలో ఏ ప్రయోగమైనా చివరికి నీళ్ల దగ్గరికే వస్తుంది.

470 ఓమ్‌ల సర్క్యూట్‌లో ఒకచోట వైరు విడదీసి, ఆ రెండు కొసలనూ గ్లాసెడు నీళ్లలో ముంచండి. ఎల్‌ఈడీ వెలగదు, వెలిగినా కనీకనిపించకుండా వెలుగుతుంది. చెంచాడు ఉప్పు వేసి కలపండి, కాంతి పెరుగుతుంది. బోరునీళ్లతో ఒకసారి, పట్టి ఉంచుకున్న వాననీళ్లతో ఒకసారి చేసి చూడండి. బోరునీళ్లలో రాతిపొరల నుంచి కరిగివచ్చిన లవణాలుంటాయి, అందుకని వాటి గుండా కరెంటు ఎక్కువ పోతుంది. గ్లాసును పదిహేను నిమిషాలు అలాగే వదిలేస్తే ప్లస్ వైపు రాగి కొస రంగు మారుతుంది, మైనస్ వైపు కొసకు చిన్న బుడగలు పడతాయి. కరెంటు నీళ్లను, లోహాన్ని రెండింటినీ కొద్దికొద్దిగా మారుస్తోంది. వైరు కొసలకు బదులు రెండు స్టీలు చెంచాలు వాడితే కొంత నయం.

గ్లాసెడు బోరునీళ్లలో చెంచాల మధ్య నిరోధం పదుల వేల ఓమ్‌లు ఉందనుకుందాం, ఉదాహరణకు 47 వేలు. ఆ కరెంటు ఎల్‌ఈడీని నిండుగా వెలిగించడానికి చాలదు. చాలని కరెంటుతో పెద్ద కరెంటును నడిపించడానికే ట్రాన్సిస్టరు పుట్టింది. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటెయిన్ తొలి ట్రాన్సిస్టరును పనిచేయించి చూశారు. ఆ మీద షాక్లీ దాన్ని వాడకానికి తగ్గ రూపానికి తెచ్చాడు. ముగ్గురికీ కలిపి 1956లో నోబెల్ వచ్చింది. మన బీసీ547 ఆ కుటుంబంలోదే. దాని చదును ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరుసగా కలెక్టర్, బేస్, ఎమిటర్.

ఎమిటరును బ్యాటరీ మైనస్‌కు కలపండి. ప్లస్ నుంచి 470 ఓమ్‌లు, ఎల్‌ఈడీ దాటుకుని కలెక్టరుకు ఒక దారి. ప్లస్ నుంచి ఒక చెంచాకు, రెండో చెంచా నుంచి పదివేల ఓమ్‌ల రెసిస్టరు గుండా బేస్‌కు రెండో దారి. చెంచాలు గ్లాసులో ముంచగానే ఎల్‌ఈడీ నిండుగా వెలుగుతుంది. లెక్క చూద్దాం. బేస్, ఎమిటర్ల మధ్య 0.7 వోల్టు పోగా మిగిలిన 8.3 వోల్టులను 57 వేల ఓమ్‌లతో భాగిస్తే 0.15 మిల్లీ యాంపియరు. బీసీ547 బేస్‌లోకి వచ్చినదానికి కనీసం నూరు రెట్లు కలెక్టరు గుండా పోనివ్వగలదు. నూరు రెట్లంటే 15 మిల్లీ యాంపియర్లు, ఎల్‌ఈడీకి సరిపోయింది.

చెంచాలు బయటికి తీసి, ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో పట్టుకోండి. ఎల్‌ఈడీ వెలుగుతుంది. మీ గుండా పోతున్న కరెంటు ఏమాత్రం తెలియదు, అంత తక్కువ. చేతులు తడుపుకుంటే కాంతి పెరుగుతుంది. నలుగురు పిల్లలు చేతులు పట్టుకుని వరుసగా నిలబడి, అటు చివరివాళ్లు, ఇటు చివరివాళ్లు చెంచాలు పట్టుకున్నా వెలుగుతుంది. మధ్యలో ఎవరో చేయి వదిలితే ఆరుతుంది. నాకు తెలిసి తరగతి గదిలో ఇంతకంటే సందడి చేసే ప్రయోగం లేదు. ఓమ్‌లు, మిల్లీ యాంపియర్లు చదివి మరచిపోయిన పిల్లలు కూడా తడిచేయి సంగతి మరచిపోరు. ఇంట్లో తడిచేత్తో స్విచ్చు ముట్టుకోవద్దని పెద్దలు ఎందుకు అరుస్తారో కూడా వాళ్లకు ఇక్కడే అర్థమవుతుంది.

ఈ సర్క్యూట్ చేసినవాళ్లందరికీ తట్టే మొదటి ఉపయోగం, మిద్దె మీది ట్యాంకు నిండితే చెప్పే అలారం. చెంచాలను ట్యాంకు పైఅంచు దగ్గర వేలాడదీసి, ఎల్‌ఈడీతోపాటు చిన్న బజరు పెడితే నీళ్లు అందుకోగానే మోగుతుంది. పనిచేస్తుంది, చేసుకోండి. అయితే ఆ అలారానికి పైకి కనపడని ఒక లోపముంది. వైరును ఎలుక కొరికిందనుకోండి, బ్యాటరీ అయిపోయిందనుకోండి, ట్రాన్సిస్టరు చెడిపోయిందనుకోండి. అలారం మోగదు. ట్యాంకు నిండలేదు కాబట్టే మోగలేదని మీరనుకుంటారు. నీళ్లేమో మిద్దె మీంచి కారిపోతుంటాయి. ఈ సర్క్యూట్‌లో మౌనానికి రెండు అర్థాలున్నాయి, ఒకటి క్షేమం, రెండోది సర్క్యూట్ చచ్చిపోవడం. ఏది నిజమో బయటినుంచి తెలియదు.

ట్యాంకు పొర్లితే పోయేది నాలుగు బిందెల నీళ్లు. ఇదే లోపం రైలు సిగ్నలులో ఉంటే పోయేది ప్రాణాలు. డోన్ జంక్షన్‌కు కర్నూలు వైపు నుంచి, బేతంచెర్ల మీదుగా నంద్యాల వైపు నుంచి, పెండేకల్లు మీదుగా గుంతకల్లు, గుత్తి వైపుల నుంచి పట్టాలు వచ్చి కలుస్తాయి. ఇన్ని దిక్కుల నుంచి బండ్లు వచ్చేచోట, ఫలానా లైను మీద బండి ఉందా లేదా అన్న ప్రశ్నకు ప్రతి క్షణం జవాబు కావాలి. ఆ జవాబు చెప్పడానికి ప్రపంచమంతటా రైల్వేలు నూటయాభై ఏళ్లుగా వాడుతున్న ఏర్పాటు ట్రాక్ సర్క్యూట్. దాన్ని రూపొందించినవాడు విలియం రాబిన్సన్ అనే అమెరికన్. ఆయన చేసిన తొలి పద్ధతి మన ట్యాంకు అలారం లాంటిదే. 1870 ప్రాంతంలో పెన్సిల్వేనియాలోని కింజువా దగ్గర అమర్చాడు. బండి వస్తే సర్క్యూట్ పూర్తవుతుంది, సిగ్నలు మారుతుంది. బాగానే పనిచేసింది. కానీ ఎక్కడైనా వైరు తెగితే, బండి పట్టా మీద నిలబడి ఉన్నా సిగ్నలు దారి ఖాళీ అనే చూపిస్తుందని రాబిన్సన్ గ్రహించాడు. సర్క్యూట్‌ను మొత్తం తిరగేశాడు. 1872లో పేటెంటు పొందిన ఆ తిరగేసిన సర్క్యూటే ఇప్పటికీ మూలసూత్రం.

మన సామానుతో దాన్ని చేసి చూద్దాం. బేతంచెర్ల నాపబండ మీద గానీ చెక్క మీద గానీ రెండు స్టీలు స్కేళ్లు, బెత్తెడు దూరంలో, పట్టాల్లా పక్కపక్కన పెట్టండి. ఒక చివర బ్యాటరీ. దాని ప్లస్‌ను 470 ఓమ్‌ల రెసిస్టరు గుండా మొదటి స్కేలుకు, మైనస్‌ను నేరుగా రెండో స్కేలుకు కలపండి. అవతలి చివర ఎల్‌ఈడీ, పొడుగు కాలు మొదటి స్కేలుకు, పొట్టి కాలు రెండో స్కేలుకు. ఎల్‌ఈడీ వెలుగుతుంది. దారి ఖాళీ. ఇప్పుడు రెండు స్కేళ్ల మీద అడ్డంగా ఒక స్క్రూడ్రైవరు కమ్మీ పెట్టండి. బండి ఇరుసు అదే. కరెంటుకు సులువైన దారి దొరికింది, ఎల్‌ఈడీ దాకా వెళ్లదు. ఎల్‌ఈడీ ఆరింది. అంటే బండి ఉంది.

ఇక్కడ రెసిస్టరు ఉన్నచోటు ముఖ్యం. మొదటి ప్రయోగంలో దాన్ని ఎల్‌ఈడీకి ముందు పెట్టినా వెనక పెట్టినా తేడా లేదు, ఎందుకంటే ఉన్నది ఒకే దారి. ఈ ప్రయోగంలో అది బ్యాటరీ పక్కనే ఉండాలి. ఎల్‌ఈడీ పక్కన పెట్టారంటే కమ్మీ అడ్డం పెట్టగానే బ్యాటరీ నేరుగా షార్టవుతుంది, వేడెక్కి పాడవుతుంది. బ్యాటరీ పక్కన ఉంటే కమ్మీ పెట్టినా 19 మిల్లీ యాంపియర్లు మించవు. అసలు రైల్వే ట్రాక్ సర్క్యూట్‌లోనూ బ్యాటరీ వైపు ఇలాంటి నిరోధం ఒకటి ఉంటుంది. అవతలి చివర ఎల్‌ఈడీ బదులు రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చు, ఉంటుంది. కరెంటు అందుతున్నంతసేపు రిలే పైకి లేచి ఉంటుంది, ఆగితే తన బరువుతోనో స్ప్రింగుతోనో కింద పడుతుంది. పడితే సిగ్నలు ఎర్రబడుతుంది. ఒక్కో లైనును ఇన్సులేషన్ అతుకులతో ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో సర్క్యూట్ పెడతారు.

ఇప్పుడు మన నమూనాను పాడుచేయడం మొదలుపెట్టండి. బ్యాటరీ వైరు ఊడదీయండి, ఎల్‌ఈడీ ఆరుతుంది. ఎల్‌ఈడీ వైరు ఊడదీయండి, ఆరుతుంది. స్కేలు బదులు రెండు ముక్కల రేకు వాడి మధ్యలో సందు వదలండి, పట్టా విరిగినట్టు. అప్పుడూ ఆరుతుంది. బండి వచ్చినా, బ్యాటరీ చచ్చినా, వైరు తెగినా, పట్టా విరిగినా ఫలితం ఒక్కటే, ఎర్ర సిగ్నలు, బండి ఆగుతుంది. ఊరికే ఆగిన బండికి ఆలస్యమవుతుంది, అంతకు మించి నష్టం లేదు. ఇదీ సంపూర్ణం కాదు. వానకు పట్టాల మధ్య కంకర తడిసి కరెంటు కారిపోతే లేని బండిని ఉన్నట్టు చూపిస్తుంది. చాలాకాలం బండి నడవక పట్టా తుప్పుపడితే చక్రానికీ పట్టాకూ సరైన అంటు కుదరదు, అది ఇంకా ప్రమాదం. అందుకని ఇప్పుడు చాలాచోట్ల ఇరుసులను లెక్కపెట్టే ఆక్సిల్ కౌంటర్లు కూడా వాడుతున్నారు.

ఇదే ఆలోచన పొలంలోని స్టార్టరులోనూ ఉంది. పచ్చబటన్ నొక్కితే లోపలి కాయిల్‌కు కరెంటు అంది కాంటాక్టులను పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ వచ్చినా ఎవరో ఒకరు నొక్కేదాకా మోటారు తిరగదు. అర్ధరాత్రి కరెంటు వస్తే లేచి పొలానికి పోవాల్సి రావడం రైతుకు కష్టం, పాము భయం వేరే. అందుకే ఆటోస్టార్టర్లు వచ్చాయి. ఆ కష్టం నిజం కాబట్టి రైతును తప్పుపట్టలేం. కానీ కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే, లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దెబ్బతింటుంది. ఇక బోరులో నీళ్లు దిగిపోయాయని ఆటోస్టార్టరుకు తెలియదు. “నీళ్లు లేకుండనే తిరిగిందిప్పా రాత్రంతా, వైండింగ్ పోయింది” అన్న మాట మన పల్లెల్లో విననివాళ్లుండరు. బోరు మోటారును చల్లబరిచేది చుట్టూ ఉండే నీళ్లే. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆటోస్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది, భూగర్భజలం అదుపు లేకుండా పోతుందని. ఇప్పుడొచ్చే ప్యానెళ్లలో కొన్ని, నీళ్లు లేని పంపు తక్కువ కరెంటు లాగుతుందన్న గుర్తు పట్టుకుని మోటారును ఆపేస్తాయి.

మళ్లీ మన చెంచాల సర్క్యూట్ తీయండి. ఒక్క భాగం కూడా మార్చకుండా దాన్ని ఇంటి సంపు దగ్గరికి తీసుకెళ్లండి. చెంచాలను ఈసారి పైఅంచున కాకుండా, ఇంతకంటే నీళ్లు తగ్గకూడదు అనుకున్న మట్టం దగ్గర వేలాడదీయండి. నీళ్లున్నంతసేపు ఎల్‌ఈడీ వెలుగుతుంది. నీళ్లు దిగితే ఆరుతుంది. వైరు తెగినా, బ్యాటరీ అయిపోయినా, ఎల్‌ఈడీయే కాలిపోయినా ఆరుతుంది. అది వెలుగుతుంటేనే మోటారు వెయ్యాలని ఇంట్లో అందరికీ చెప్పండి. ట్యాంకు నిండిందా అని అడిగినప్పుడు మోసం చేయగలిగిన సర్క్యూటే, సంపులో నీళ్లున్నాయా అని అడిగితే ఇంచుమించు రాబిన్సన్ సర్క్యూట్ అంత నమ్మకంగా జవాబు చెబుతుంది.

దీనికి ఖర్చుంది. ఎప్పుడూ వెలిగే ఎల్‌ఈడీ ఎప్పుడూ బ్యాటరీ తాగుతుంది. 9 వోల్టుల మామూలు బ్యాటరీలో 400 మిల్లీ యాంపియర్-గంటలు ఉన్నాయనుకుంటే, 15 మిల్లీ యాంపియర్ల చొప్పున ఒక రోజు కాస్త దాటేసరికి అయిపోతుంది. ఇక్కడే మసక ఎల్‌ఈడీ పనికొస్తుంది. 470 తీసి పదివేల ఓమ్‌లది పెట్టండి. 0.7 మిల్లీ యాంపియరుతో అదే బ్యాటరీ మూడు వారాల పైన వస్తుంది, సంపు పక్క నీడలో ఆ కాంతి బాగానే కనిపిస్తుంది. ఎల్‌ఈడీకి ఇంత తక్కువ చాలినప్పుడు బేస్‌కు కూడా అంత అక్కర్లేదు. అక్కడున్న పదివేలు తీసి లక్ష ఓమ్‌లది పెడితే నీళ్లలో పారే కరెంటు 0.06 మిల్లీ యాంపియరుకు తగ్గుతుంది, చెంచాలు ఎక్కువకాలం వస్తాయి. ఎండాకాలంలో సంపు నీళ్లు మారినప్పుడు, ట్యాంకరు నీళ్లు పోయించినప్పుడు మీటరుతో చెంచాల మధ్య నిరోధం మళ్లీ ఒకసారి చూసుకోండి. అది ఏడు లక్షల ఓమ్‌లు దాటనంతవరకు, నూరు రెట్ల లెక్కన, ఎల్‌ఈడీ వెలగాలి.